నలభై ఆరు కిలోలు

చివరి మలుపు తిరిగాక, లోపలి కంచెకూ ముందు పరుగెత్తుతున్న గుర్రానికీ నడుమ మనిషి పక్కకు తిరిగి నిలబడితే తప్ప పట్టని సందులోకి, రెండేళ్ల శిక్షణ పొందినట్లు కాగితం మీద ఉన్న పదిహేడేళ్ల పిల్లవాడు ఐదు క్వింటాళ్ల ఆడగుర్రాన్ని ఎందుకు తోలాడు? పదకొండు రోజులుగా ఈ ప్రశ్న అడగనివారు లేరు, జవాబిచ్చినవారూ లేరు. ఆసుపత్రిలో పంచనామా రాసిన జమేదారు అడిగాడు. చిట్కుల్‌లో వాడి భూస్థాపన ఆరాధన ముగియగానే పాస్టరు అడిగాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ యాదన్న సైకిలుకు స్టాండు వేస్తూ అడిగాడు. ఇప్పుడు నగరంలో, రేసు మైదానం మేడ మీది విచారణ గదిలో, ముగ్గురు పెద్దమనుషులు చాయ్ తాగుతూ ఒకరినొకరు అదే అడుగుతున్నారు. ఆ గది బయటి బెంచీ మీద పిల్లవాడి తండ్రి సత్యానందం కూర్చున్నాడు. పది గంటలకు రమ్మంటే తొమ్మిదికే వచ్చాడు; పదకొండు దాటినా పిలుపు లేదు. మోకాళ్ల మీద ఒక టైపు కాగితం ఉంది. రేసు క్లబ్బు గుమాస్తా వెంకటరామయ్య దానిని చేతికిస్తూ, "ఇంగ్లీషుల ఉన్నదని పరేషాన్ గాకు. మీ పిలగాడు ట్రైనింగ్ పూరా చేసిండు, గుర్రాన్ని లోపలికి తీస్కపోవుడు ఆయన సొంత నిర్ణయం, ఎవ్వరి మీద ఫిర్యాదు లేదు. గంతే ఉన్నది. లోపలికి పోయినంక సంతకం పెట్టు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా బాయిలర్ లాగ్‌బుక్కు నింపుతున్న సత్యానందానికి అక్షరాలు కూడబలుక్కునేపాటి ఇంగ్లీషు వచ్చు. ఓన్ డెసిషన్. ఆ రెండు మాటలు వెతికి పట్టుకున్నాడు, వాటి మీద బొటనవేలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

సొంత నిర్ణయం. ఏలీషా పుట్టాక వాడు సొంతంగా నిర్ణయించినది ఏముంది, ఎరుపు చొక్కా కావాలా నీలం చొక్కా కావాలా అన్నప్పుడు కూడా తల్లి ముఖం చూసేవాడు, గుర్రాల దగ్గరికి పోవడం వాడి నిర్ణయమా, కాదు, కిష్టారెడ్డిపేట అవతలి గుర్రాల ఫారం నుంచి బడికి వచ్చిన ఆ సన్నని మనిషి నిర్ణయం అది. ఆ మనిషి పిల్లల ముఖాలు చూడలేదని టీచరమ్మ సుకుమారి తరువాత చెప్పింది. మణికట్లు చూశాడట, చీలమండలు చూశాడట, చెప్పుల నంబర్లు అడిగాడట, తొమ్మిదో తరగతి నుంచి ముగ్గురిని పక్కకు తీసి, రేపు మీ తండ్రులను తీసుకురండి అన్నాడట. తండ్రులతో మాట్లాడతాడేమో అనుకుని సత్యానందం ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. మాటలేమీ లేవు. గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచాడు. పాదం కొలిచాడు. అరచేతులు తిప్పి చూశాడు. సంతలో పెయ్యను కొనేవాడు తల్లి పొదుగును చూసినట్లు, కొడుకు రేపు ఎంత పెరుగుతాడో తండ్రి ఎముకల్లో చూశాడు. ఐదడుగుల ఒక అంగుళం. తక్కిన ఇద్దరు తండ్రులూ పొడుగువాళ్లు, వాళ్ల పిల్లలు బతికిపోయారు. "నీ అసొంటి నాయిన దొరుకుడు కష్టం పెద్దమనిషీ, వీడు ఇగ పెరగడు" అన్నాడా మనిషి, మెచ్చుకోలుగా. పొట్టి సత్తిగాడని జీవితమంతా పిలిపించుకున్న సత్యానందం ఆ రోజు మొదటిసారి తన పొట్టితనాన్ని చూసి పొంగిపోయాడు. ఇంటికి వచ్చి భార్య సాయమ్మతో చెప్పుకుని నవ్వాడు కూడా. 

ఎదురుగా తూకం గది తలుపు తీసే ఉంది. లోపల కుర్చీ ఉన్న పెద్ద కాటా, జాకీ జీనుతో సహా ఆ కుర్చీలో కూర్చోవాలి, పరుగుకు ముందు ఒకసారి, గెలుపు వరుసలో వస్తే తరువాత ఇంకొకసారి, ఆ రెండు తూకాలకూ తేడా రాకూడదు. అందుకే నడుమ నీళ్లు తాగరని ఏలీషా చెప్పాడు. ఏం నేర్పిస్తున్నర్రా అని అడిగితే వాడు చెప్పినవన్నీ ఇలాంటివే. మొదటి పద్నాలుగు నెలలు పెంట ఎత్తడం, గడ్డి వేయడం, గిట్టలు కడగడం. తరువాత గుర్రం ఎక్కి తెల్లవారుజామున మైదానం చుట్టూ రెండు చుట్లు. లైసెన్సుకు ముందు ఉత్తుత్తి పందేలు పది నడపాలని నియమం. వాడు నడిపినవి మూడు, పుస్తకంలో పది అని ఉంది, రాసినవాడి చేతిరాత ఒకటే, సిరా కూడా ఒకటే. ముందున్న గుర్రం అలసిపోతే ఎటు వాలుతుంది, సందు నిలిచేదా మూసుకునేదా ఎన్ని అంగలకు ముందు తెలుసుకోవాలి, ఎప్పుడు పగ్గం బిగించి ఆగాలి, ఎప్పుడు చుట్టు తిరిగి బయటినుంచి రావాలి, ఇవి ఎవరైనా చెప్పారా? సందు కనబడితే దూరు, గుంజినవంటే మల్ల గుర్రం ఇయ్య. ట్రైనర్ సాబ్ పాఠం ఇంతే. పెద్ద జాకీ గుంజి ఆగితే అది అనుభవం, పిల్ల జాకీ గుంజి ఆగితే పిరికితనం, పిరికివాడికి వచ్చే వారం గుర్రం ఉండదు. అయినా పిల్ల జాకీలనే ఎందుకు ఎక్కిస్తారని అడిగాడు సత్యానందం, అడిగాడు, అడగలేదని కాదు. నేర్చుకునేవాడు ఎక్కితే గుర్రం మోయవలసిన బరువులో నాలుగు కిలోలు మాఫీ. అది వాడి చేతకానితనానికి ఇచ్చే రాయితీ. గుర్రాల యజమానులకు కావలసింది ఆ నాలుగు కిలోలు; నేర్పితే పది పందేలు గెలుస్తాడు, గెలిస్తే మాఫీ తగ్గుతుంది, కాబట్టి నేర్పరు. లెక్క నీళ్లంత తేటగా ఉంది. అంత తేటగా ఉన్నది రెండేళ్లపాటు తనకెందుకు కనబడలేదు?

తన పరీక్ష అలా జరగలేదు. బాయిలర్ అటెండెంటు సర్టిఫికెట్టు కోసం ముప్పై ఏళ్ల వయసులో ఇన్‌స్పెక్టరు ఎదుట నిలబడ్డాడు, చెమటతో చొక్కా వీపుకు అతుక్కుంది, గాజు గొట్టంలో నీటిమట్టం కనబడకపోతే ఏం చేస్తావు అని ఆయన అడిగాడు. తొందరపడి నీళ్లు పడతానన్న ఇద్దరు అప్పటికే తప్పారు. సత్యానందం మంట ఆర్పుతాను అన్నాడు. నీళ్లు? నీళ్లు తరువాత సార్, ఎండిన బాయిలరుతో పని చేయించగూడదు. సర్కారు ఏటేటా ఆ ఇనుప పీపాను విప్పించి, గొట్టం గొట్టం కొట్టి చూసి, ముద్ర వేస్తుంది. ఇనుముకు ముద్ర ఉంది. దాని దగ్గర నిలబడేవాడికి పరీక్ష ఉంది. పిల్లవాడిని గుర్రమెక్కించేవాడికి ఏ పరీక్షా లేదు, ఎక్కే పిల్లవాడిలో ఎంత నీరు మిగిలిందో చూపే గాజు గొట్టమూ లేదు. ఉన్నా చూసేవాడెవడు? తను చూశాడా?

శ్రావణ మాసపు ముసురు. వారం రోజులుగా ఎండ లేదు. మామూలుగా అయితే పిల్ల జాకీలు రెండు స్వెటర్లు తొడుక్కుని ఎండలో పరుగెత్తి బరువు దించుకుంటారు, ముసురులో పరుగెత్తితే తడుస్తారు తప్ప చెమట పట్టదు. గురువారం కాటా మీద ఏలీషా నలభై ఎనిమిది కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఆదివారానికి నలభై ఆరు కావాలి. ట్రైనర్ సాబ్ ఇంటికి పంపాడు, దించుకుని రా, లేకుంటే జోగిపేట బీరయ్యను ఎక్కిస్త అన్నాడు. వాడు వచ్చి గుమ్మంలో నిలబడి ఏడవలేదు, అదే మేలు అనుకున్నాడు తను, మగపిల్లవాడు, ధైర్యస్థుడు. ఆలోచన ఎవరిది? ఎవరిదో వెతకనక్కరలేదు, సత్యానందానిదే. బాయిలర్ హౌసులో మేము కూర్చుంటేనే రెండు గంటలకు బనీను పిండుకుంటాం గదా, వీడు కూర్చుంటే? యాదన్నకు చెప్పి గేటు దాటించాడు. యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరుకు తలకూ చేతులకూ చిల్లులు పెట్టి వాడికి తొడిగాడు, దాని మీద స్వెటర్లు, కొలిమి తలుపుకూ గోడకూ నడుమ డ్రమ్ము బోర్లించి కూర్చోబెట్టాడు. బొగ్గు వేసే మొగులయ్య పార ఆనించి నిలబడి నవ్వాడు. "ఏందన్నా, పోరన్ని ఉడకబెడుతున్నవా?"

"ఉప్పు కారం ఎయ్యి మొగులయ్య మామా, మసాల తక్కువైంది" అన్నాడు వాడు లోపలినుంచి.

"నీ బొక్కలకు మసాల దండుగరా, పులుసు గూడ కాదు."

ముగ్గురూ నవ్వారు. శుక్రవారం కిలో మీద మూడు వందలు దిగింది. శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన దినం కూడా. వాడు ఏమీ తినడం లేదని తెలిసి సాయమ్మ బెదరలేదు, సంతోషించింది, కొడుకు ఉపవాసముంటున్నాడు, దేవుడు చూస్తున్నాడు అనుకున్నది. ఆమె కూడా అన్నం ముట్టలేదు. వాడి ఆకలిని తల్లీ తండ్రీ కలిసి భక్తి అనుకున్నారు. చింతపండు నోట్లో పెట్టి చప్పరించి డబ్బాలో ఉమ్మేయమన్నది సాయమ్మే, ఉమ్ములో కూడా బరువుంటుందని వాడు చెబితే నమ్మి, డబ్బా సగం నిండితే చూపించి మురిసింది. శనివారం మళ్లీ కొలిమి ముందు మూడు గంటలు. చివరి గంటలో చెమట రావడం మానేసింది. చెమట రావడం మానేసింది, ఆ సంగతి తను చూశాడు, మొగులయ్య చూశాడు, ఇంకేం మిగిలింది లోపల అనుకున్నారు, అంటే పని అయిపోయిందనుకున్నారు. లేచి సంచీ విప్పుకోబోతే వేళ్లు కొంకర్లు పోయాయి. సంచీ అంచు పట్టు దొరకలేదు వాడికి. పసిపిల్లవాడికి చొక్కా తీసినట్లు తల మీదుగా తనే తీశాడు. "తిమ్మిరెక్కినయి నాయినా" అన్నాడు, వేళ్లు చూసుకుంటూ. పోతది తియ్యి, అన్నాడు తను. పోతది తియ్యి. నలభై ఆరు కిలోల వంద. తక్కిన వంద రాత్రి ఉమ్మేస్తాడులే.

ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభై, పందెం వేళ. ఆ సమయానికి తను ఏం చేస్తున్నాడో లాగ్‌బుక్కులో ఉంది: అడుగు మడ్డి వదిలించుట, నీటిమట్టం సరిగా ఉన్నది. సంతకం. కాసేపటికి యాదన్న సైకిలు మీద వచ్చాడు, ఫోన్ వచ్చింది అన్నాడు, ఎవరిదని చెప్పలేదు.

బెంచీ కదిలింది. పక్కన ఒక మనిషి కూర్చున్నాడు, నలభై ఏళ్లుంటాయి, సన్నని మెడ, గట్టి మణికట్లు. ఆ మణికట్లను చూసి జాకీ అని పోల్చుకున్నాడు సత్యానందం, ఇన్నాళ్లకు తనకూ మనుషులను అలా చూడడం వచ్చింది.  ఆ మనిషి గోడవైపు చూస్తూ, "ఏలీషా నాయినవు నువ్వే గద. నేను నరసరాజును. ముందల గుర్రం మీదున్నది నేనే" అన్నాడు.

సత్యానందం అతనివైపు తిరిగాడు.

"సందు నేనే చూపెట్టిన అన్నా. గుర్రాన్ని కంచె కాడికెళ్లి జెర బయటికి తీస్తే ఎనకున్నోడు ఆశపడి లోపటికొస్తడు. ఒక్క దూకు దూకినంక మల్ల మూస్తే ఆడనే ఆగిపోతడు. మాకు సీనియర్లు గట్లనే నేర్పిండ్రు. పెద్దోళ్లు రారు, ఎర్కనే గద. పిలగాండ్లే వస్తరు."

"మావాడు వచ్చిండు."

"రాలే." నరసరాజు గొంతు తగ్గింది. "గదే చెప్తున్న. వాడు రాలే, గుర్రం వచ్చింది. ఇది మూసుకుంటదని వానికి ఎర్కైంది. రెండు చేతులు పెట్టి గుంజిండు, మామా మామా అని ఒర్లిండు. నేను ఎనకకు మర్రి చూసిన. పగ్గాలు చేతులల్లకెళ్లి జారుతున్నయి. వేళ్లు మూసుకుంటలేవన్నా వానియి. పెదిమెలు తెల్లగ, ఉప్పు పేరుకున్నట్టు."

మైదానంలో ఎవరో గుర్రాన్ని తడిపి రుద్దుతున్నారు, నీళ్లు నేల మీద పడే చప్పుడు మేడ దాకా వస్తోంది. వేళ్లు మూసుకోలేదు. పదకొండు రోజుల ప్రశ్న అబద్ధపు ప్రశ్న, వాడు దూరలేదు, ఎవరూ నేర్పని పాఠాన్ని ఆ ఒక్క క్షణంలో తనంతట తాను నేర్చుకున్నాడు, సందు మూసుకుంటుందని మూడు అంగల ముందే చూశాడు, ఆగాలని సరిగ్గా నిర్ణయించాడు, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు చేసే నిర్ణయమే చేశాడు. నిర్ణయం వాడిది. వేళ్లు మాత్రం వాడివి కావు. వేళ్లను కొలిమి ముందు తను ఎండబెట్టాడు. పోతది తియ్యి అన్నాడు.

"లోపట చెప్పినవా ఇది?"

"చెప్తే నా లైసెన్సు పోతది. ఎనకకు చూడలే అని పొద్దుగాల్నే రాసిచ్చిన." నరసరాజు లేచి నిలబడి ప్యాంటు దులుపుకున్నాడు, దులుపుకోవడానికి అక్కడ దుమ్మేమీ లేదు. "నువ్వు సంతకం పెట్టి పో అన్నా. ఏం చేసినా వాడు రాడు." మెట్లు దిగిపోయాడు. సగం నిజం అతని దగ్గర ఉంది, సగం తన దగ్గర ఉంది. అతని సగం బయటికి రాదు. తన సగం ఒక్కటే చెబితే ఏమవుతుంది? గేటు దాటించినందుకు యాదన్న పని పోతుంది, మంట ముందు మనిషిని కూర్చోబెట్టినందుకు తన సర్టిఫికెట్టు పోతుంది. పోనీ. చెప్పకపోతే? ఏలీషా, సత్యానందం కొడుకు, నిర్లక్ష్యంగా గుర్రం నడిపి చనిపోయినవాడు అని క్లబ్బు పుస్తకంలో ఉండిపోతుంది, వాడి పేరు రాసి ఉన్న పుస్తకం లోకంలో మరొకటి లేదు, బడి రిజిస్టరు కూడా చెదలు తిన్నది.

పిలిచారు. బల్లకు అవతల ముగ్గురు, గోడ పక్కన కుర్చీలో ట్రైనర్, మూల వెంకటరామయ్య. ఎవరూ కూర్చోమనలేదు. నడుమనున్న పెద్దాయన మర్యాదగా, మీకు జరిగిన నష్టానికి చింతిస్తున్నాము, సంతకం చేశారా అన్నాడు.

"చెయ్యలే సార్. ఒక్క మాట చెప్పాలె. మావాణ్ని రెండు దినాలు బాయిలర్ ముందల కూసోబెట్టిన. రెండు కిలోల ఎనిమిది వందలు దించిన. చుక్క నీళ్లు ఇయ్యలే. శనారం వేళ్లు కొంకర్లు పోయినయి, నేను చూసిన. వాడు సందుల దూరలే సార్, గుంజిండు. చేతులల్ల పట్టు లేదు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన ట్రైనర్ వైపు తిరిగి, మీకిది తెలుసా అని అడిగాడు.

"నాకెట్ల తెలుస్తది సార్? బరువు దించుకొని రమ్మన్న, గంతే. ఇంట్ల ఏం చేసుకుంటరో వాళ్లిష్టం."

"మూడు దినాలల్ల ఎట్ల దిగుతదనుకున్నవ్ సాబ్?" అన్నాడు సత్యానందం.  ఆ మాటను ఎవరూ రాసుకోలేదు.

"పిల్లవాడు పగ్గం బిగించాడని అంటున్నారు. మీరు పందెం చూశారా?"

"లేదు సార్. డ్యూటీల ఉన్న. నరసరాజు చూసిండు."

కాగితాలు తిరగేశారు. వెనక్కి చూడలేదని నరసరాజు వాంగ్మూలం, ఆ ఉదయం తేదీతో. వాంగ్మూలం అయిపోయినవారిని మళ్లీ పిలిచే పద్ధతి లేదని రెండో ఆయన అన్నాడు. పెద్దాయన నెమ్మదిగా, ఒక్కొక్క మాట తూచి చెబుతుంటే వెంకటరామయ్య రాశాడు: శిక్షకునికి తెలియకుండా, ప్రమాదకరమైన పద్ధతిలో బరువు తగ్గించినట్లు మృతుని తండ్రి స్వయంగా అంగీకరించాడు, శిక్షణలో లోపమేదీ కనబడలేదు, లోపలికి వెళ్లడం జాకీ సొంత నిర్ణయం. కొడుకు నిందను దించడానికి తెచ్చిన మాట ట్రైనర్ నెత్తిమీది భారాన్ని దించింది, కొడుకు నింద ఉన్నచోటే ఉంది. సత్యానందం సంతకం చేయనన్నాడు. బలవంతమేమీ లేదు, అన్నాడు పెద్దాయన. చదివి వినిపించడమైనది, సంతకమునకు నిరాకరించాడు, అని వెంకటరామయ్య కింద రాసి మూత పెట్టి కలం జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లి బయటికి రావడానికి ఏడు నిమిషాలు పట్టింది.

మెట్లు దిగి వస్తుంటే తుంపర పడుతోంది. మైదానం అంచున ఒక పిల్లవాడు రెండు స్వెటర్ల మీద రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తుతున్నాడు, ఇతన్ని చూసి ఆగాడు. జోగిపేట బీరయ్య. భూస్థాపననాడు పెట్టె ఒక కొస మోసినవాడు. ఏలీషా ఎక్కవలసిన గుర్రాలన్నీ ఇప్పుడు వాడివే. రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు, మొగం మీద వాన తప్ప చెమట లేదు.

"మామా, నిన్నొక్కటి అడగాలె. తిట్టొద్దు. మీ బాయిలర్ కాడ రెండు గంటలల్లనే దిగుతదని ఏలీషా చెప్తుండె. ఈ ముసురుల ఎంత ఉరికినా దిగుతలేదు. శనారం వచ్చి కూసుంట మామా, ఎవ్వరికి చెప్ప. రానిస్తవా?"

చెంప పగలగొట్టాలి. భుజాలు పట్టుకుని జోగిపేట బస్సు ఎక్కించాలి. ఎక్కిస్తే సోమవారం తిరిగి వస్తాడు, వాడు రాకుంటే వాడికన్నా సన్నని మణికట్లవాడు వస్తాడు. సత్యానందం నోరు తెరిచాడు, ఇరవై ఏళ్లు అంకెలు చదివిన నోరు, ఆ నోటినుంచి తిట్టు రాలేదు, ఏడుపు రాలేదు.

"ఎంత దిగాలె?" అన్నాడు.

"మూడు కిలోలు మామా."

ఇది చదువుతున్న మీకు ఆదివారం పత్రిక వస్తుంది. ఆటల పుటలో అడుగున రేసుల జాబితా ఉంటుంది. గుర్రం పేరు, జాకీ పేరు, ఆ పక్కన మోయవలసిన బరువు. కొన్ని పేర్ల పక్కన అప్రెంటిస్ అన్న గుర్తు ఉంటుంది. అలాంటి ఒక్క పేరును ఎంచుకోండి. ఒక కార్డు ముక్క తీసుకుని క్లబ్బు పేరిట రాయండి: ఈ పిల్లవాడు గురువారంనాడు ఎంత తూగాడు? మీ పేరు, చిరునామా స్పష్టంగా రాయండి. జవాబు రాకపోతే వచ్చే వారం మళ్లీ రాయండి. వచ్చేదాకా రాయండి.